కట్టు బిగువు

కొల్లేటికోటలో యేసమ్మ మాటకు ఎదురు చెప్పేవాళ్లు తక్కువ. చేపల చెరువుల దగ్గర ఐసు వేసి పెట్టెలు నింపే ఆడవాళ్ల ముఠాకు ఆమే పెద్ద. చెరువులో చేపలు పట్టే పట్టుబడి రోజున లారీ వచ్చి గట్టు మీద ఆగిందంటే డ్రైవరు ముందు ఆమెనే వెతుక్కుంటాడు. ఇంట్లోనూ ఆమె మాటే చెల్లుతుంది. అందుకే తన భర్త ఎలీషా కాలికి ఏలూరు డాక్టరమ్మ కట్టిన కట్టును ఇంటికొచ్చిన మర్నాడే విప్పేసినప్పుడు ఆమె ఎవరినీ అడగలేదు. విప్పాక ఆ సంగతి దాచుకోనూ లేదు.

ఎలీషా మంచం మీద కాలు చాపుకుని చూస్తున్నాడు. “మంగళవారం దాకా ముట్టుకోవద్దన్నారు కదా యేసమ్మా,” అన్నాడు మెల్లగా.

“అన్నారండి. మీ వేళ్లు చూస్తే చల్లగా ఉన్నాయి. చర్మం మీద గుడ్డ అచ్చు దిగిపోయింది. ఇంత బిగించి కడితే కాల్లోకి రక్తం ఎలా ఆడుద్ది?”

ఆవిడ కట్టును ఉండలా చుట్టి గూట్లో పెట్టి, పుండు మీద మందు రాసి, పల్చటి గుడ్డ ఒకటి వదులుగా వేసింది.

ఎలీషాది పుట్టుక నుంచీ నీళ్లలో బతుకు. పడవ మీద చెరువంతా తిరిగి వెదురు గడలకు చేపల మేతగా తవుడు సంచులు కట్టడం, పట్టుబడి నాడు వల లాగడం ఆయన పని. పిక్కల మీద నరాలు వానపాముల్లా ఉబ్బి ఏళ్లవుతోంది. సాయంత్రమయ్యేసరికి కాళ్లు నీరు పట్టేవి. పైగా షుగరు. నిరుడు కుడికాలికి లోపలివైపు, చీలమండ పైన, వెదురు మొన గీసుకుంది. అది మానలేదు. మెల్లమెల్లగా అరచేయంత పుండయింది. ఎప్పుడూ రసి కారుతూనే ఉండేది.

మొదట తాడేపల్లిగూడెంలో చూపించారు, అక్కడ యేసమ్మ చెల్లెలి ఇల్లుంది కాబట్టి. ఆ ఊళ్లో ఒక డాక్టరు పాదం పట్టుకుని చూసి, చల్లగా ఉందని, వాపులో నాడి తగలడం లేదని, కాలికి రక్తం అందడం లేదేమోనని అన్నాడు. ముదిరితే తీసెయ్యాల్సి రావచ్చని కూడా చెప్పాడు. బస్సులో తిరిగొస్తూ ఎలీషా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. యేసమ్మ మాత్రం ఊరు చేరేలోపే ఇంకొకరికి చూపించాలని నిర్ణయించేసుకుంది.

అలా ఏలూరులో హరిప్రియ దగ్గరికి వెళ్లారు. రక్తనాళాల డాక్టరు. మనిషి చిన్నదే, మాట నిబ్బరం. ఆమె దగ్గర పరీక్షలు చేసే అమ్మాయి పేరు పెర్సిస్. వాళ్లిద్దరూ ఎలీషాను లోపలికి తీసుకెళ్లి ఏవో కొలతలు తీసినప్పుడు యేసమ్మ మందుల కౌంటరు దగ్గర వరుసలో నిలబడి ఉంది. తిరిగొచ్చేసరికి వేళ్ల దగ్గర్నుంచి మోకాలి కింద దాకా కాలికి గట్టి కట్టు పడింది. రక్తం బాగానే వెళ్తోందని, తిరిగి పైకి రావడంలోనే ఇబ్బంది ఉందని, బిగుతు కట్టుతోనే పుండు మానుతుందని హరిప్రియ చెప్పింది. యేసమ్మ తలూపింది. కానీ లోపల ఒప్పుకోలేదు.

ఒప్పుకోకపోవడానికి కారణం భీమడోలులో ఉంది. అక్కడ ఆమె అన్నయ్య నిత్యానందం సైకిళ్లు, కుట్టుమిషన్లు బాగుచేస్తూ బతుకుతాడు. ఆదివారం చర్చిలో హార్మోనియం వాయిస్తాడు. ఆయన పెళ్లికి ముందు, చెరువు గట్టు మీద గడ్డి కోస్తుంటే పాము కాటేసింది. పక్కనున్నవాళ్లు విషం పైకి పాకకూడదని వల తాడు తెచ్చి మోకాలి కింద గట్టిగా బిగించారు. పడవ దాటించి, ట్రాక్టరు ఎక్కించి, ఆసుపత్రికి చేర్చేసరికి పాదం నల్లబడిపోయింది. విషానికి మందు పనిచేసింది, మనిషి బతికాడు. కాలు మాత్రం దక్కలేదు. అప్పటికి యేసమ్మకు ఇంకా పెళ్లి కాలేదు. ఆ తాడును కోసి తీసినప్పుడు ఆమె అక్కడే ఉంది.

మంగళవారం ఆసుపత్రిలో హరిప్రియ పల్చటి గుడ్డను చూసి ముఖం చిట్లించింది. పుండు రవ్వంత కూడా తగ్గలేదు. వాపు యథాతథంగా ఉంది.

“కట్టు ఏమైందండీ?”

“నేనే విప్పానండి,” అంది యేసమ్మ.

“ఎందుకని?”

యేసమ్మ తన అన్నయ్య సంగతి చెప్పింది. ఏడుపూ లేదు, బతిమాలడమూ లేదు, జరిగింది జరిగినట్టు చెప్పింది. “మీరు చదువుకున్నవారు, కాదనను. నా కళ్లతో చూసింది కూడా అబద్ధం కాదు కదండీ.”

హరిప్రియ స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

“అబద్ధం కాదండి. తాడు బిగిస్తే కాలు పోతుంది. రక్తం సరిగ్గా అందని కాలికి నేను కట్టే కట్టు కట్టినా పోతుంది. అందుకే కట్టే ముందు కొలిచాను. కానీ కట్టాక కొలిచి మీకు చూపించలేదు. అది నాదే పొరపాటు. గురువారం మళ్లీ చేద్దాం. మీరు పక్కనే ఉండండి.”

“మా అన్నయ్య కూడా ఉండాలండి,” అంది యేసమ్మ. “ఆయన చూసి సరే అంటే నాకు ఇంకేం అనుమానం ఉండదు.”

ఎలీషా ఇబ్బందిగా కదిలాడు. హరిప్రియ మాత్రం వెంటనే, “రమ్మనండి. ఆయన చూడాల్సిందే,” అంది.

గురువారం నిత్యానందం భీమడోలులో పాసింజరు ఎక్కి వచ్చాడు. పెట్టుడు కాలు మీద మెట్లు ఎక్కి, చెమట తుడుచుకుంటూ పరీక్షల గదిలోకి వచ్చి, “బావగారూ, నన్ను కూడా పేషెంటును చేశారే,” అని నవ్వాడు. గదిలో ఏసీ ఆపేసి ఉంది. చలికి వేళ్లలోని సన్నటి నాళాలు ముడుచుకుపోతే కొలత తప్పు వస్తుందని పెర్సిస్ చెప్పింది. ఎలీషాను మంచం మీద పడుకోబెట్టి మెడ దాకా దుప్పటి కప్పింది. పాదాలు మాత్రం బయట ఉన్నాయి.

“ముందు మీకు చూపిస్తానాంటీ. చెయ్యి ఇలా ఇవ్వండి,” అంది పెర్సిస్.

యేసమ్మ చూపుడువేలి కొసకు చిన్న దీపం ఉన్న క్లిప్పు పెట్టింది. ఎదురుగా స్క్రీన్ మీద ఒక గీత లేచి, పడి, మళ్లీ లేచింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక చిన్న అల. “చర్మం కింద జుట్టంత సన్నంగా ఉండే నాళాలుంటాయి. ఆ వెలుతురు వాటిలో కదిలే రక్తాన్ని చూస్తుందండి. అల వస్తోందంటే రక్తం ఆడుతున్నట్టు.” తర్వాత వేలి మొదట్లో ఉంగరంలాంటి చిన్న పట్టీ వేసి గాలి కొట్టింది. పట్టీ బిగిసింది. అలలు చిన్నవయ్యాయి, ఇంకా చిన్నవయ్యాయి, చివరికి గీత చదునుగా పడుకుంది. యేసమ్మ వేలు పాలిపోయింది. తిమ్మిరెక్కింది.

“ఇది తాడు,” అంది పెర్సిస్.

నిత్యానందం స్క్రీన్‌కి దగ్గరగా జరిగి ఆ గీతను చూశాడు. “నా కాల్లో ఆ పూట ఇదే జరిగిందన్నమాట,” అన్నాడు.

పెర్సిస్ గాలి వదిలింది. ఒక చోట గీత చిన్నగా ఉలిక్కిపడింది. ఆ వెంటనే అలలు ముందుకంటే ఎత్తుగా లేచాయి. యేసమ్మ వేలికి వెచ్చదనం తిరిగొచ్చింది.

“ఎక్కడ మళ్లీ మొదలైందో ఆ ఒత్తిడే మాకు కావలసిన కొలతండి. నాళాల్లో రక్తానికి ఎంత బలముందో అది చెప్తుంది.”

“పొద్దున కట్టిన నా తాడు విప్పేసరికి మధ్యాహ్నమైంది,” అన్నాడు నిత్యానందం, ఎవరినీ ఉద్దేశించకుండా. యేసమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

ఆ తర్వాత అదే క్లిప్పు ఎలీషా బొటనవేలికి పెట్టారు. అలలు యేసమ్మవంత ఎత్తు లేవు గానీ క్రమంగా ఉన్నాయి. పట్టీ బిగించి, వదిలి, అంకె రాసుకుంది పెర్సిస్. పుండుకు కాస్త దూరంలో, మంచి చర్మం మీద, రూపాయి బిళ్లంత వెచ్చటి సెన్సరు ఒకటి అంటించింది. చర్మానికి ఎంత ప్రాణవాయువు అందుతోందో అది చెప్తుందట. అంకె స్థిరపడేదాకా అందరూ ఓపిగ్గా కూర్చున్నారు.

హరిప్రియ వచ్చి అంకెలు చూసి, యేసమ్మ వైపు తిరిగింది. “చీలమండ దగ్గర కొలిస్తే పెద్ద నాళాల సంగతే తెలుస్తుంది. షుగరు ఉన్నవాళ్లకు అవి గట్టిపడిపోయి, ఒక్కోసారి లేని బలం ఉన్నట్టు చూపిస్తాయి. కాలువ నిండా నీళ్లున్నా చివరి మడికి అందకపోవచ్చు కదా. అందుకని చివరి మడి దగ్గరికెళ్లి చూస్తాం. అదే ఈ బొటనవేలు, ఈ చర్మం.”

“మరి ఈయన చివరి మడికి అందుతోందాండీ?”

“అందుతోంది. షుగరు వల్ల కొంత తగ్గింది, అది నిజం. పుండు మానడానికి సరిపోతుంది, నిర్లక్ష్యం చేసేంత మిగులు లేదు. అసలు తిప్పలన్నీ మురుగుతో. పాతరక్తం పైకి పోక, కాల్లోనే నిలిచి, చర్మం నాని చెడిపోతోంది. కట్టు ఆ మురుగును పైకి తోస్తుంది.”

చెప్పి, తనే కట్టు కట్టడం మొదలుపెట్టింది. బొటనవేలు బయటే ఉంది, దాని మీద దీపం అలాగే ఉంది. యేసమ్మ కళ్లు స్క్రీన్ మీద నిలిచిపోయాయి. మడమ చుట్టూ తిప్పినప్పుడు అల కొంచెం తగ్గింది. కట్టు పిక్కల మీదికి వెళ్లింది. అల అక్కడితో ఆగి, ఇంకా తగ్గకుండా నిలబడింది. కట్టు కింద ఉన్న వెచ్చటి సెన్సరు అంకె మాత్రం, కాసేపయ్యాక, ఒకటొకటిగా పైకి ఎక్కసాగింది.

“నొప్పిగా ఉందాండీ?” అని ఎలీషాను అడిగింది యేసమ్మ.

“లేదు. కాలిని ఎవరో పట్టుకుని నిలబెట్టినట్టుంది,” అన్నాడాయన.

నిత్యానందం వెనక్కి వాలి కూర్చున్నాడు. “ఇది తాడు కాదే చెల్లెమ్మా. నేను చూశాను. ఇక విప్పమాక.”

“విప్పను,” అంది యేసమ్మ. తర్వాత డాక్టరు వైపు తిరిగి, “అయితే నాకు కట్టడం నేర్పండి. మా ఊరి నుంచి ప్రతిసారీ రావాలంటే ఎప్పుడు దారి ఉంటుందో ఎప్పుడు ఉండదో తెలియదు,” అంది.

హరిప్రియ కట్టు విప్పి ఆమె చేతికిచ్చింది. యేసమ్మ చేతులకు తాళ్లూ ముళ్లూ కొత్త కాదు. మొదటిసారి ఐసు పెట్టెకు కట్టినట్టు బిగించి లాగింది. స్క్రీన్ మీద అల కుంగిపోయింది. “ఆగండాంటీ,” అంది పెర్సిస్. యేసమ్మ విప్పింది. రెండోసారి భయపడి వదులుగా వేసింది. అల బాగుంది, కట్టు మాత్రం మంచం దిగకముందే జారింది. హరిప్రియ ఆమె చేతుల మీద తన చేతులు పెట్టి, పాదం దగ్గర ఎంత లాగాలో, పైకి వెళ్లేకొద్దీ ఎంత తగ్గించాలో, ఒక చుట్టు మీద సగం దాకా ఇంకో చుట్టు ఎలా పడాలో చూపించింది. ఆ తర్వాత కట్టింది నిలిచింది. బిగువు ఎంతో ఆమె వేళ్లకు తెలిసిపోయింది.

“కట్టాక ఎప్పుడూ వేళ్లు చూడండి,” అంది హరిప్రియ. “గోరు నొక్కితే తెల్లబడి, వదిలితే ఎర్రబడాలి. నొప్పి పెరిగినా, వేళ్లు నీలంగా మారినా విప్పెయ్యండి. ఎవరినీ అడగక్కర్లేదు.”

“అడగడం నాకు అలవాటు లేదండి,” అంది యేసమ్మ. ఆ రోజు హరిప్రియ మొదటిసారి గట్టిగా నవ్వింది.

ఆ వేసవిలో కాలు మారింది. వాపు దిగి, చీలమండ ఎముక చాలాకాలానికి బయటపడింది. రసి తగ్గింది. పుండు అంచుల నుంచి గులాబిరంగు చర్మం లోపలికి పాకడం మొదలైంది. ఎలీషా పడవ పని మానలేదు గానీ వల లాగడం మానేశాడు. కూర్చున్నప్పుడల్లా కాలు ఎత్తులో పెట్టుకోవాలని యేసమ్మ చెప్పింది కాబట్టి పడవలో కూడా ఒక తవుడు సంచి మీద కాలు పెట్టుకునేవాడు.

వర్షాకాలంలో కొల్లేరు నిండింది. పైనుంచి వాగుల నీళ్లన్నీ ఒక్కసారి వచ్చిపడి, రోడ్డు మునిగింది. చెరువు గట్టు తెగేలా ఉందని ఊళ్లో మగవాళ్లంతా ఇసుక బస్తాలతో పరిగెత్తారు. యేసమ్మ పెట్టెల షెడ్డు దగ్గర ఉన్న సమయం చూసి ఎలీషా కూడా వెళ్లాడు. పొద్దున వెళ్లినవాడు భోజనం వేళకు కుంటుతూ తిరిగొచ్చాడు. గట్టు నిలిచింది. కట్టు మాత్రం తడిసి, జారి, చీలమండ దగ్గర ముద్దగా చుట్టుకుని ఉంది. దాని కింద పాదం ఉబ్బింది. వేళ్లు నీలి రంగుకు తిరిగాయి.

వాకిట్లో చేరినవాళ్లు తలా ఒక మాట అన్నారు. పక్కింటి ముసలమ్మ, “నేను అప్పుడే అన్నాను, ఆ బిగుతు కాలిని తినేస్తుందని,” అంది. ఫోను పట్టుకుంటే సిగ్నల్ లేదు. ఏలూరు వెళ్లే దారి నీళ్ల కింద ఉంది.

యేసమ్మ ఎలీషాను పడుకోబెట్టి ఆ ముద్దను కత్తిరించి తీసేసింది. చర్మం మీద తాడు వేసినట్టు గాడి పడి ఉంది. దాన్ని చూడగానే ఆమెకు అన్నయ్య కాలు గుర్తొచ్చింది. చేతులు మాత్రం ఆగలేదు. కాలు తుడిచి, బియ్యం బస్తా మీద ఎత్తిపెట్టి, బొటనవేలి గోరు నొక్కి వదిలింది. తెల్లగా ఉండిపోయింది. మళ్లీ నొక్కింది. ఈసారి అంచు నుంచి కొంచెం రంగు వచ్చింది. ఆ తర్వాత నొక్కినప్పుడు గోరంతా ఎర్రబడింది. పాదం ఆమె అరచేతిలో మెల్లగా వెచ్చబడింది.

“నొప్పి ఎలా ఉందండీ?”

“తగ్గింది. నీకు చెప్పకుండా వెళ్లాను, తప్పే.”

“అది తర్వాత మాట్లాడదాం,” అంది యేసమ్మ. కాలు పూర్తిగా ఆరేదాకా కూర్చుని, వాపు దిగాక, పెట్టెలోంచి పొడి కట్టు తీసింది.

ముసలమ్మ నివ్వెరపోయింది. “మళ్లీ కడతావా?”

“కడతానండి, పెద్దమ్మా. అది జారిపోయి తాడైంది, తీసేశాను. వదిలేస్తే పొద్దుటికి కాలు మళ్లీ నీరు పడుతుంది, ఇన్నాళ్లు మానింది మళ్లీ తెరుచుకుంటుంది.” కట్టింది. గోరు నొక్కి చూసింది. ఆ సాయంత్రమంతా పనుల మధ్యలో వచ్చి నొక్కి చూస్తూనే ఉంది. రంగు ప్రతిసారీ తిరిగొచ్చింది.

రోడ్డు తేలగానే ఏలూరు వెళ్లారు. పెర్సిస్ దీపం పెట్టి, పట్టీ బిగించి, వదిలి, కొలిచింది. బొటనవేలిలో రక్తం బలం తగ్గలేదు. చర్మం దగ్గర ప్రాణవాయువు వేసవిలోకంటే మెరుగ్గా ఉంది. జరిగిందంతా విని హరిప్రియ, “నేనున్నా అదే చేసేదాన్ని,” అంది. యేసమ్మకు అది చాలింది. క్రిస్మస్ నెలకు పుండు మూసుకుంది. మూసుకున్నా కాలికి బిగుతు మేజోడు వేసుకోవాలని, జీవితాంతం వేసుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. ఎలీషా ఒప్పుకున్నాడు.

ఆ కబురు చుట్టుపక్కల లంక గ్రామాలన్నిటికీ పాకింది. ఒకరోజు చెరువుల కౌలుదారు వెంకట్రాజుగారు మోటారుసైకిలు మీద ఇంటికే వచ్చారు. చెప్పు విడిచి పాదం చూపించారు. చిటికెనవేలి కొస మీద పుండు, చుట్టూ నల్లటి అంచు.

“నీ చెయ్యి మంచిదంటున్నారు యేసమ్మా. నాకూ ఆ కట్టు కట్టు.”

యేసమ్మ వంగి చూసింది. వాపు లేదు, రసి లేదు, పుండు ఎండి ఉంది. గోరు నొక్కి వదిలింది. చాలాసేపు తెల్లగానే ఉండిపోయింది.

“కట్టనండి,” అంది లేచి. “ఏలూరు వెళ్లి కొలిపించుకోండి.”

“ఎలీషాకు కట్టావుగా?”

“కొలిచాక కట్టానండి. మీ కాల్లో ఏముందో నాకు తెలియదు. తెలియకుండా చెయ్యి పెట్టను.”

ఆయనకు కోపమొచ్చింది. వెళ్లిపోదామని బండి తిప్పారు కూడా. కానీ యేసమ్మ అప్పటికే చీర కొంగు దోపుకుని, “రేపు ఉదయం బస్సుకు నేనూ వస్తాను, డాక్టరమ్మగారితో నేనే చెప్తాను,” అనేసరికి బండి ఆపి, సరేనని తలూపారు.

మర్నాడు ఆ వెచ్చటి గదిలో ఆయన బొటనవేలికి దీపం పెట్టారు. గీత దాదాపు చదునుగా ఉంది. పట్టీ బిగించి ఆపడానికి అల కూడా పెద్దగా మిగల్లేదు. వెంకట్రాజుగారు స్క్రీన్ వంక, పెర్సిస్ ముఖం వంక మార్చి మార్చి చూశారు. హరిప్రియ వచ్చి, స్కాన్ చేసి చూసి, తొడ దగ్గర నాళం మూసుకుపోయిందని, తీగ పంపించి తెరవాలని, ఆ వారంలోనే చెయ్యాలని చెప్పింది.

“ఈ పాదానికి బిగుతు కట్టు కట్టి ఉంటే ఏమయ్యేదండీ?” అని అడిగారాయన.

“వేలితో పోయేది కాదండి. పాదం పోయేది,” అంది హరిప్రియ.

నాళం తెరిచారు. చిటికెనవేలు కొస తీసెయ్యాల్సి వచ్చింది, పాదం దక్కింది. మళ్లీ కొలిచినప్పుడు బొటనవేలి మీద అలలు లేచాయి. చిన్నవే, అయినా ఒకదాని వెంట ఒకటి ఆగకుండా వచ్చాయి. వెంకట్రాజుగారు ఊరికి తిరిగొచ్చాక మొదటి పట్టుబడి రోజున గట్టు మీద కుర్చీ వేయించుకుని కూర్చుని, వచ్చినవాళ్లందరికీ ఆ అలల సంగతి వివరంగా చెప్తూ ఉన్నారు. యేసమ్మకు వినే తీరిక లేదు. లారీ వచ్చి ఆగింది, పెట్టెలకు ఐసు ఇంకా చాలలేదు. ఆమె ముఠాను కేకేసి పనిలోకి దిగింది.